రాయిలా కనిపించే ఇనుము
(ఒక గ్రంథాలయ సమావేశంలో, రోడ్లు భవనాల శాఖ నుంచి పదవీ విరమణ చేసిన ఇంజనీరు ఒకరు మనీలా చర్చిల గురించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పెద్ద యాత్రికుడిగా పరిచయం చేశారు. అంత లేదండి. మా మనవరాలు మనీలాలో మెడిసిన్ చదువుతోంది. మీలో కూడా పిల్లల్ని ఫిలిప్పీన్స్ పంపినవారు ఉన్నారని నాకు తెలుసు, ఇందాక గుమ్మం దగ్గరే ఇద్దరు పలకరించారు. పిల్ల పొద్దున్నే కాలేజీకి వెళ్లిపోతుంది, సాయంత్రం వరకు ముసలాడికి పని లేదు. అలా మూడు వారాలు ఆ ఊరి చర్చిలు చూస్తూ తిరిగాను. నా చూపు కాస్త వంకర చూపు. గోడలు, వంతెనలు, వాటి బిల్లులు చూస్తూనే ఉద్యోగమంతా గడిచింది. గుడికి వెళ్లినా దేవుడి కంటే ముందు దూలాన్ని చూస్తానని మా ఆవిడ ఇప్పటికీ దెబ్బలాడుతుంది. ఈ రోజు కూడా దూలాల సంగతే ఎక్కువ చెబుతాను, భక్తులు క్షమించాలి.

మనీలాలో పాత చర్చిలన్నిటికీ వెనక ఒకే ప్రశ్న ఉందనిపించింది నాకు. ఈసారి దేనికి కూలుతుంది? నిప్పుకా, భూకంపానికా, తుపానుకా, ఫిరంగికా? పోయినసారి దెబ్బ తీసిన దానికి జవాబుగా ఈసారి కట్టారు. కట్టగానే దెబ్బ ఇంకో దిక్కు నుంచి వచ్చింది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని తిరిగితే ఆ ఊరు బాగా అర్థమవుతుంది.

మొదటి నుంచి వస్తాను. స్పెయిన్ వారి సేనాని లెగాస్పి 1571లో పాసిగ్ నది సముద్రంలో కలిసే చోట మనీలాను రాజధాని చేసుకున్నాడు. తరువాత చుట్టూ కోట గోడ కట్టారు. ఆ కోట లోపలి పట్నం పేరే ఇంట్రామురోస్, అంటే గోడల నడుమ అని. అరవై నాలుగు హెక్టార్లు, గోడ పొడవు నాలుగున్నర కిలోమీటర్లు. ఎండ లేని పూట గోడ మీదే నడుచుకుంటూ చుట్టి రావచ్చు. కందకం ఉండాల్సిన చోట పచ్చటి గడ్డి, అందులో టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు గోల్ఫ్ ఆడుతుంటారు. స్పెయిన్‌ను ఓడించి అమెరికావాళ్లు వచ్చాక కందకం పూడ్చి అలా చేశారు. కోటను గెలిచినవాడు కందకాన్ని ఏం చేసుకోవాలో తెలియక బంతాట పెట్టుకున్నాడన్నమాట.

మొదట్లో చర్చిలు వెదురు, కలప, తాటాకు లాంటి నీపా ఆకు కప్పులతో ఉండేవి. 1583లో గవర్నరు రోంకిల్యో చనిపోయాడు. శవాన్ని సాన్ అగుస్తిన్ చర్చిలో ఉంచి చుట్టూ కొవ్వొత్తులు పెట్టారు. ఒక కొవ్వొత్తి మంట తెరకు అంటుకుంది. తెర నుంచి కప్పుకు, కప్పు నుంచి పక్క ఇంటికి... చూస్తుండగానే ఊరు కాలిపోయింది. వేసవిలో తాటాకు ఇళ్లు తగలబడటం చూసినవాళ్లకు ఇది నేను వివరించనక్కర్లేదు. ఆ దెబ్బతో రాతి కట్టడం మీదికి మళ్లారు.

ఆ రాయిని అక్కడ అదోబే అంటారు. అగ్నిపర్వతం బూడిద గట్టిపడి అయిన మెత్తటి రాయి. గనిలోంచి తీసినప్పుడు ఉలికి సులువుగా లొంగుతుంది, గాలి తగిలే కొద్దీ గట్టిపడుతుంది. దాన్ని సున్నంతో అతికారు. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపేవారని అక్కడ ప్రతి గైడూ చెబుతాడు. మన దగ్గర గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు, గుడ్డు సొన కలిపారని ప్రతి కోట దగ్గరా చెబుతారు కదా, అలాగే. మిగిలిన పచ్చసొనలతో మిఠాయిలు చేసుకోవడం అలా అలవాటైందని అక్కడివాళ్లు ఇంకో ముక్క కలుపుతారు. నిజమెంతో గానీ ఆ మిఠాయిలు మాత్రం బాగుంటాయి.

ఇప్పుడున్న సాన్ అగుస్తిన్ చర్చి 1607లో పూర్తయింది. ఫిలిప్పీన్స్‌లో నిలిచి ఉన్న రాతి చర్చిల్లో ఇదే పాతది. 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఎక్కిన నాలుగు ఫిలిప్పీన్ చర్చిల్లో ఇదొకటి. బయటి నుంచి చూస్తే నిరాశ పడతారు, ముందే చెబుతున్నాను. పొట్టిగా, బరువుగా, మోకాళ్లు మడిచి కూర్చున్న ఏనుగులా ఉంటుంది. గుమ్మం పక్కన రాతి సింహాలు, అవీ చైనా దేవాలయాల ముందు ఉండే రకం. ఊళ్లోని చైనా క్రైస్తవులు ఇచ్చినవట. ముఖభాగంలో కుడివైపు గంటగోపురం ఉంది, ఎడమవైపు లేదు. ఎందుకు లేదో కాసేపట్లో చెబుతాను.

లోపలికి వెళ్లి తల ఎత్తాను. పైన పీపాను నిలువునా కోసి బోర్లించినట్టు రాతి కప్పు. దాని మీద దట్టంగా చెక్కడాలు. లోతైన చట్రాలు, వాటి మధ్య పువ్వులు, తీగలు, అంచుల వెంట బొద్దు గీతలు, వాటి నీడలు. నాకు భక్తి రాలేదండి, భయం వేసింది. భూమి కదిలే ఊళ్లో తల మీద ఇంత బరువు వేలాడదీసిన మహానుభావుడు ఎవడురా అనుకున్నాను. చట్రాలు లెక్కపెడుతూ నడిచాను. పది అడుగులు వేశాక ఒక సంగతి తట్టింది. నేను జరిగాను గానీ నీడలు జరగలేదు. చెక్కడమైతే చోటు మారే కొద్దీ అంచులు ఒకదాన్నొకటి కప్పుకుంటూ కనబడాలి. ఇక్కడ ఏదీ దేన్నీ కప్పటం లేదు. అంతా రంగు! నున్నటి గచ్చు మీద కుంచెతో వేసిన బొమ్మ. 1875లో అల్బెరోనీ, దిబెల్లా అనే ఇద్దరు ఇటలీ చిత్రకారులు వేశారు. వయసు మళ్లిన ఇంజనీరుని మోసం చేయడానికి నూట యాభై ఏళ్ల కిందటే ఏర్పాటు చేసి పెట్టారు. (నవ్వులు)

ఆ మోసంలో తెలివి ఉంది. చెక్కడం కావాలి, బరువు అక్కర్లేదు. రంగుకి బరువేముంది!

ఇక అది నిలిచిన రహస్యానికి వస్తాను. గోడలు సుమారు మీటరున్నర మందం. అదొక్కటే చాలదు. పక్క గోడల వెంట వరుసగా చిన్న చిన్న ప్రార్థనా గదులున్నాయి. ఒక గదికీ ఇంకో గదికీ మధ్య అడ్డగోడ. ఆ అడ్డగోడలన్నీ కలిసి లోపలి నుంచి ప్రధాన గోడకు ఊతం ఇస్తాయి. మనం పాత ప్రహరీ గోడ పడిపోకుండా బయట ఆనుగోడలు కడతాం చూడండి, ఆ పనే ఇక్కడ లోపల, పూజ గదుల వేషంలో జరుగుతోంది. భక్తులకు అవి మేరీమాత గది, ఫలానా పునీతుడి గది. నాకు మాత్రం కుదుపును మింగే గోడలు.

1645 నవంబరు 30న పెద్ద భూకంపం వచ్చింది, ఊళ్లో రాతి కట్టడాలు కుప్పలయ్యాయి. ఇది నిలిచింది. 1863 జూన్ 3 సాయంత్రం మరొకటి. దగ్గర్లోనే ఉన్న మనీలా కథెడ్రల్‌లో పండుగ ముందు రోజు ప్రార్థన జరుగుతోంది. కప్పు కూలింది. స్థానిక క్రైస్తవ మతగురువుల హక్కుల కోసం పోరాడుతున్న ఫాదర్ పెద్రో పెలాయెస్ ఆ శిథిలాల కిందే ప్రాణం విడిచారు. సాన్ అగుస్తిన్ ఆసారీ నిలిచింది. 1880లో వచ్చినదానికి మాత్రం ఎడమ గంటగోపురం నిలువునా పగిలింది. బాగు చేసి చూశారు గానీ చివరికి దించేయక తప్పలేదు. ఇందాక చెప్పిన ఖాళీ అదే. ఈ భూకంపాల తరువాతే మనీలా ఇళ్ల మీద బరువైన పెంకులు పోయి రేకులు వచ్చాయి.

కథెడ్రల్ సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. అగ్నికి, తుపానుకు, భూకంపానికి, యుద్ధానికి కూలుతూ, మళ్లీ లేస్తూ వచ్చింది. ఇప్పుడు మనం చూసేది ఎనిమిదోది, 1958లో పూర్తయింది. 2012లో మూసి, భూకంపానికి తట్టుకునేలా బలపరిచి, 2014లో మళ్లీ తెరిచారు. ఊరివాళ్లకు ప్రధాన చర్చి అదే. నాకు ఎక్కువసేపు ఉండబుద్ధి కాలేదు.

ఫిరంగి సంగతి చెప్పాలి. ఇందులో మన వైపు వాళ్లకూ ఒక పాత్ర ఉంది. 1762లో స్పెయిన్‌కీ ఇంగ్లండుకీ యుద్ధం మొదలైంది. ఆ వార్త మనీలాకు చేరకముందే ఇంగ్లీషు ఓడలు చేరాయి. ఎక్కడి నుంచి బయలుదేరాయనుకుంటున్నారు? మద్రాసు నుంచి! విలియం డ్రేపర్ సేనాని, కార్నిష్ నౌకాధిపతి. దళంలో ఇంగ్లీషు సోల్జర్లతో పాటు వందల మంది మద్రాసు సిపాయిలున్నారు. కంపెనీ వారి మద్రాసు సైన్యంలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉండేవారని మీకు తెలిసిందే. కోటకు దక్షిణాన మలాటే దగ్గర దిగారు. అక్కడి చర్చినే స్థావరం చేసుకుని, తరువాత కోట మీద ఫిరంగులు పేల్చారు. అప్పుడు మనీలాకు తాత్కాలిక గవర్నరు ఎవరో తెలుసా? ఆర్చిబిషప్పు గారే. అక్టోబరు మొదటి వారంలో ఊరు లొంగింది. తరువాత దోపిడి. సాన్ అగుస్తిన్‌నూ దోచుకున్నారు. ఇంగ్లీషువాళ్లు 1764 వరకు ఉండి వెళ్లిపోయారు.

ఇక 1945. ఇది చెప్పడం కష్టం. ఇంట్రామురోస్‌లో ఏడు చర్చిలుండేవి. పవిత్ర గురువారం నాడు ఏడు చర్చిలు దర్శించుకునే ఆచారం అక్కడుంది, విసీతా ఇగ్లేసియా అంటారు. కోట దాటకుండానే ఏడూ పూర్తయ్యేవి. 1945 ఫిబ్రవరిలో జపాను సైన్యం కోటలో చిక్కుకుని ఊరివాళ్లను చంపుతూ పోరాడింది, అమెరికా ఫిరంగులు బయటి నుంచి కోటను పొడి చేశాయి. నెల రోజుల్లో మనీలా మొత్తం మీద లక్ష మంది సామాన్యులు పోయారని అంచనా. సాన్ అగుస్తిన్‌లో వందల మందిని బందీలుగా కుక్కారు. యుద్ధం ఆగేసరికి ఏడు చర్చిల్లో నిలిచి ఉన్నది ఇదొక్కటే. మిగతావాటి చోట్లు వెతుక్కుంటూ నేను ఒక ఉదయమంతా తిరిగాను. ఫ్రాన్సిస్కన్లనే సన్యాసి సంఘంవారి చర్చి చోట ఇంజనీరింగ్ చదువు చెప్పే విశ్వవిద్యాలయం ఉంది. రెకొలెక్టులనే ఇంకో సంఘంవారి చర్చి చోట ఒక దినపత్రిక కార్యాలయం. సాంతో దొమింగో చర్చి చోట బ్యాంకు. జెస్యూట్లవారి సాన్ ఇగ్నాసియోను మళ్లీ కట్టి మ్యూజియం చేశారు. విశ్వవిద్యాలయం ముందు కుర్రాళ్లు చేతిలో డ్రాయింగ్ గొట్టాలతో పరిగెడుతున్నారు. వాళ్ల కాళ్ల కింద చర్చి పునాదులున్నాయని ఎవరైనా చెప్పారో లేదో.

కోట చివర, నది ఒడ్డున ఫోర్ట్ సాంటియాగో ఉంది. టికెట్టు కొనుక్కుని అందరూ వెళ్లేది అక్కడికే. హోసే రిసాల్‌ను 1896లో అక్కడే బంధించారు. కంటి డాక్టరు, రచయిత, స్పెయిన్ పాలనను విమర్శించినవాడు, ఇప్పుడు ఆ దేశానికి జాతీయ వీరుడు. వయసు ముప్పై అయిదేళ్లు. డిసెంబరు 30 పొద్దున్న ఆయన్ని అక్కడి నుంచి మైదానానికి నడిపించి కాల్చి చంపారు. ఆ నడకను నేల మీద కంచు పాదముద్రలతో చూపించారు. అడుగు ఒక్కొక్కటి చిన్నది. ఆయన మనిషి పొట్టి. పర్యాటకులు ఆ ముద్రల్లో చెప్పుల కాళ్లు పెట్టి ఫోటోలు దిగుతున్నారు. నేను పక్కనుంచి నడిచాను.

ఇప్పుడు నేను మీకు నిజంగా చెప్పాలని వచ్చిన చర్చి. సాన్ సెబాస్టియన్.

కోట బయట, కియాపో ప్రాంతంలో ఉంది. మెట్రోలో లెగార్దా స్టేషన్‌లో దిగితే నడక దూరం. మొదటిది కలపతో కట్టారు, కాలిపోయింది. తరువాత కట్టినవి భూకంపాలకు పాడయ్యాయి. 1880 భూకంపం తరువాత అక్కడి గురువులు విసిగిపోయి ఉంటారు. కాలనిది, కూలనిది కావాలి అన్నారు. హెనారో పలాసియోస్ అనే స్పానిష్ ఇంజనీరు జవాబిచ్చాడు: మొత్తం ఉక్కుతోనే కడదాం. ఉక్కు భాగాలు బెల్జియంలో తయారు చేయించి, ఎనిమిది విడతలుగా ఓడల్లో తెప్పించారు. మొదటి ఓడ 1888లో వచ్చింది. ఇక్కడ బోల్టులు బిగించి నిలబెట్టారు. పిల్లలు ముక్కలు కలిపి బొమ్మ ఇల్లు కట్టుకున్నట్టు. 1891 ఆగస్టులో ప్రతిష్ఠ జరిగింది. పారిస్ ఈఫిల్ గారి చెయ్యి కూడా ఉందని చాలామంది చెబుతారు, ఇనుము కనబడితే ఈఫిల్ పేరు చెప్పడం లోకంలో ఒక అలవాటు. నేను పలాసియోస్ పేరే చెబుతాను. పాపం, పని చేసింది ఆయన.

రెండు సన్నటి శిఖరాలు, సూదుల్లా. సాన్ అగుస్తిన్ ఏనుగైతే ఇది కొంగ. లోపల ఎత్తయిన స్తంభాలు, పైన ఒకదాన్నొకటి కలిసే కోసు కమానులు, జర్మనీ నుంచి వచ్చిన రంగుటద్దాలు. స్తంభాలు చలువరాతివి. అంటే నేనలా అనుకున్నాను. ఆకుపచ్చ, గోధుమ రంగు చారలు, అచ్చం రాయే. సాన్ అగుస్తిన్‌లో ఒకసారి మోసపోయాను కదా, అటూ ఇటూ చూసి వేలి కణుపుతో తట్టాను. ఠంగుమంది! లోపల బోలు. ఖాళీ చర్చిలో ఆ చప్పుడు పైకంటా వెళ్లింది. ముందు వరసలో జపమాల తిప్పుకుంటున్న పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది. చేతులు జోడించాను. ఆవిడ నవ్వి, తన పక్కనున్న స్తంభాన్ని తనూ ఒకసారి తట్టి చూపించింది. అక్కడికి వచ్చేవాళ్లందరూ చేసే పనే అన్నమాట.

ఆ చారలు లోరెన్సో రోచా అనే స్థానిక చిత్రకారుడు, ఆయన శిష్యులు వేసినవి. ఒక చర్చిలో చెక్కడంలా కనిపించే రంగు, ఇంకో చర్చిలో రాయిలా కనిపించే ఇనుము.

మరి నిప్పుకు కాలలేదు, భూకంపాలకు కూలలేదు. 1945 నాటి యుద్ధాన్నీ దాటింది. అంతా బాగుందనుకోవాలి కదా. అక్కడే మోకాలి ఎత్తులో, స్తంభం అడుగున, రంగు పొక్కులు లేచి ఉంది. ఒక పొక్కు రాలిన చోట వేలు పెడితే ఎర్రటి పొడి అంటింది. తుప్పు. మనీలా అఖాతం నుంచి వచ్చే ఉప్పుగాలి, ఏడాదిలో దాదాపు సగం వానాకాలం. అతుకుల సందుల్లోంచి దిగిన నీరు బోలు స్తంభాల్లోకి చేరి లోపలి నుంచి తినేస్తోంది. సముద్రపు ఒడ్డున పనిచేసిన ఇంజనీర్లు ఎవరైనా ఈ సభలో ఉంటే వాళ్లకు ఈ బాధ తెలుసు. బయటి తుప్పు గీకి రంగు వేయొచ్చు. లోపలి తుప్పు కనబడదు, కనబడేసరికి రేకు కాగితమంత పలచబడి ఉంటుంది. ప్రమాదంలో ఉన్న కట్టడాల అంతర్జాతీయ జాబితాలో ఈ చర్చి పేరు రెండుసార్లు ఎక్కింది. కొన్నేళ్లుగా మరమ్మతు సాగుతోంది. అతుకు అతుకూ వెతికి నీరు దిగే దారి మూయాలి. ఓపిక కావాలి, డబ్బు కావాలి. నేను వెళ్లిన రోజు ఒక మూల పరంజా కట్టి ఉంది. పైన కూర్చున్న కుర్రాడు చిన్న బ్రష్షుతో, పళ్లు తోముతున్నట్టు, ఒక్క బోల్టునే శుభ్రం చేస్తున్నాడు. నేను అరగంట నిలబడ్డాను. ఇంకా ఆ బోల్టు దగ్గరే ఉన్నాడు.

పలాసియోస్ తప్పేమీ చేయలేదండి. ఆయన్ను అడిగింది భూకంపం గురించి. దానికి సరైన జవాబే ఇచ్చాడు. ఉప్పుగాలి గురించి ఎవరూ అడగలేదు.

కియాపో చర్చి గురించి కూడా అడుగుతారు. నల్ల నజరేయుడి విగ్రహం ఉన్నది అక్కడే. 1606లో మెక్సికో నుంచి ఓడలో వచ్చింది, సిలువ మోస్తున్న యేసు. ఏటా జనవరి 9న ఊరేగిస్తారు. లక్షల మంది, ముదురు ఎరుపు చొక్కాలు, కాళ్లకు చెప్పుల్లేవు, బండి తాళ్లు పట్టుకోవడానికి తోపులాట. తువ్వాళ్లు విసిరితే బండి మీదివాళ్లు విగ్రహానికి అద్ది తిరిగి విసురుతారు. మన రథోత్సవం చూసినవాళ్లకు ఆ తాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మామూలు రోజుల్లో కూడా చర్చి గోడ పక్కనే వేర్లు, మూలికలు, తాయెత్తులు, రంగురంగుల కొవ్వొత్తులు అమ్ముతుంటారు. లోపల ప్రార్థన, బయట తాయెత్తు. రెండిటి మధ్యా ఎవరికీ పేచీ ఉన్నట్టు కనబడలేదు. నది దాకా నడిచి వంతెన దాటకుండా పడమటికి వెళితే బినోండో, చైనావాళ్ల పేట, అక్కడ 1596 నాటి చర్చి. పాత అష్టభుజి గంటగోపురం మిగిలింది, మిగతాది యుద్ధం తరువాత కట్టినది. భోజనానికి మాత్రం అక్కడికే వెళ్లండి.

నాకిచ్చిన సమయం అయిపోయినట్టుంది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: మద్రాసు సిపాయిలన్నారు. వాళ్లందరూ తిరిగి వచ్చారా?)

మంచి ప్రశ్న. అందరూ రాలేదు. కొందరు అక్కడే ఆగిపోయారు, మనీలాకు తూర్పున కైంతా అనే ఊళ్లో స్థానిక స్త్రీలను పెళ్లి చేసుకుని స్థిరపడ్డారు. తమ పూర్వీకులు ఆ సిపాయిలని చెప్పుకునే కుటుంబాలు ఆ ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి. మా మనవరాలికి సెలవు దొరికిన రోజున ఇద్దరం జీప్నీ అనే అక్కడి షేర్ జీపు ఎక్కి వెళ్లాం. ఆ ఊళ్లో బియ్యప్పిండి వంటలకు పేరు. బిబింకా అని, పిండిలో కొబ్బరి పాలు కలిపి, అరటాకు పరిచిన మూకుట్లో పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి కాలుస్తారు. అమ్మే ఆవిడ నన్ను చూసి, మీది ఏ దేశం అని అడిగింది. ఇండియా అన్నాను. మా తాతల్లో ఒకరిది కూడా అదే అని ఇంకో ముక్క పెట్టింది. డబ్బు మాత్రం రెండిటికీ తీసుకుంది. (నవ్వులు)

(మరో శ్రోత: మేము వచ్చే జనవరిలో వెళుతున్నాం. సాన్ అగుస్తిన్ ఎప్పుడు చూడటం మంచిది?)

జనవరి మంచి కాలమే, వానలుండవు. జూన్ నుంచి అక్టోబరు వరకైతే తుపాన్లు. భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. జనవరి 9న కియాపో వైపు పోవద్దు, లేదా దానికోసమే పోండి, రెండూ కలపకండి. సాన్ అగుస్తిన్‌కు మాత్రం శని, ఆదివారాలు వెళ్లకండి. మనీలాలో పెళ్లి చేసుకునేవాళ్లందరికీ ఆ చర్చే కావాలి. నేను మొదటిసారి వెళితే పెళ్లి, తలుపు మూశారు. పక్కనే ఉన్న మ్యూజియం చూసి వచ్చేసరికి ఇంకో పెళ్లి. వీధి అవతల బల్ల మీద కూర్చున్నాను. మూడో పెళ్లి బృందం దిగుతుండగా, పొద్దుటి నుంచి నన్ను చూస్తున్న కాపలా ఆయన జాలిపడి, చివరి వరసలో చప్పుడు చేయకుండా కూర్చోమని సైగ చేశాడు. అలా ఆ పెళ్లికి నేను చదివింపులు లేని అతిథిని. పెళ్లికూతురు లోపలికి నడిచి వస్తుంటే అందరూ లేచి ఆమె వైపు తిరిగారు. నేను పైకి చూస్తున్నాను.